గ్యాస్ పైప్‌లైన్‌కి పర్మిషన్ ఇచ్చేప్పుడు అవతల కాలే గ్యాస్ పొగ కూడా లెక్కలోకి రావాలా వద్దా?

పినాకిని_77

అందరికీ నమస్తే. ఈ టాపిక్ మీద మనవాళ్లు ఏమనుకుంటున్నారో అడగాలని ఎప్పట్నుంచో ఉంది. అమెరికాలో రాష్ట్రాలు దాటి పోయే గ్యాస్ పైప్‌లైన్‌కి పర్మిషన్ ఇచ్చేది ఫెర్క్, అంటే ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్. ఇచ్చేముందు నీపా అనే చట్టం కింద పర్యావరణ రివ్యూ చెయ్యాలి. ఏ వాగు దాటుతుంది, ఎన్ని చెట్లు కొడతారు, కంప్రెసర్ స్టేషన్ మోత ఎంత, ఇవన్నీ అందులో పేజీలకి పేజీలు ఉంటాయి. కానీ ఆ పైపులో పోయే గ్యాస్ అవతల పవర్ ప్లాంట్‌లో కాలితే వచ్చే కార్బన్ మాత్రం రాయాలా అక్కర్లేదా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకుంటున్నారు.

నేనుండేది జార్జియా కాబట్టి మా రాష్ట్రం మీదుగా పోయిన సేబల్ ట్రైల్ పైప్‌లైన్ కేసే చెప్తా. అలబామాలో మొదలై జార్జియా దాటి ఫ్లోరిడా పోతుంది, 500 మైళ్ల పైన. 2017 ఆగస్టులో డీసీ సర్క్యూట్ కోర్టు (వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు) 2-1తో, ఆ గ్యాస్ కాలితే వచ్చే ఉద్గారాలు ఎంతో లెక్క వెయ్యండి, వెయ్యలేకపోతే ఎందుకు వెయ్యలేరో వివరంగా చెప్పండి అంది. నా ఉద్దేశంలో అది కరెక్ట్ తీర్పు. ఇప్పుడు గాలి మొత్తం దానికి ఎదురువైపు తిరిగిపోయింది, అందుకే బాధేసి రాస్తున్నా.

రాజు_హ్యూస్టన్

పినాకిని గారూ, నేను పైప్‌లైన్ ఫీల్డ్‌లోనే ఉన్నా కాబట్టి అటువైపు మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. పైప్ అనేది గ్యాస్ మోసే దారి. అవతల పవర్ ప్లాంట్‌కి రాష్ట్రం వేరే పర్మిషన్ ఇస్తుంది, క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద ఎయిర్ పర్మిట్ వేరే ఉంటుంది, అక్కడ చూడాల్సింది ఇక్కడ చూడమంటే ఎలా. ఆ కేసులో ఒప్పుకోని జడ్జి చెప్పింది కూడా అదే, ప్లాంట్లు కట్టనివ్వాలా వద్దా అనేది ఫ్లోరిడా చేతిలో ఉంది, ఫెర్క్ చేతిలో లేదు అని.

ఇంకోటి, ఈ పైప్ ఆపితే గ్యాస్ వాడటం ఆగుతుందా? బోస్టన్ వైపు చూడండి. పక్కన పెన్సిల్వేనియాలో అంత గ్యాస్ పెట్టుకుని పైపులు చాలక చలికాలంలో ఆయిల్ కాలుస్తారు, ఓడల్లో ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన గ్యాస్ తెప్పించుకుంటారు. 2018 జనవరిలో వచ్చిన ఒక ఓడలో రష్యా యమాల్ గ్యాస్ కూడా ఉంది. కాన్‌స్టిట్యూషన్ పైప్‌లైన్ అని 124 మైళ్లది, న్యూయార్క్ 2016లో అడ్డం కొట్టింది, 2020లో కంపెనీ చేతులెత్తేసింది. భూమికి ఏం ఒరిగింది చెప్పండి.

పినాకిని_77

రాజు గారూ, కాన్‌స్టిట్యూషన్ ఆగింది నీళ్ల సర్టిఫికెట్ దగ్గర అండి. వాగులు దాటే విషయంలో న్యూయార్క్ 401 సర్టిఫికెట్ (నీళ్లు చెడిపోవని రాష్ట్రం ఇచ్చేది) ఇవ్వలేదు. పొగ లెక్క వల్ల ఆగిన పైప్‌లైన్ కాదు అది, ఈ రెండూ కలపకండి.

"వేరే ఏజెన్సీ చూసుకుంటుంది" అన్నదానికి ఒక్కటి అడుగుతా. ఫెర్క్ పర్మిషన్ ఇచ్చేప్పుడు "ప్రజలకి ఇది అవసరం" అని తేల్చాలి కదా, నేచురల్ గ్యాస్ యాక్ట్‌లో సెక్షన్ 7 అదే. అవసరం అని ఎలా తేలుస్తారు? అవతల కరెంటు కంపెనీలు గ్యాస్ కొంటామని కాంట్రాక్టులు చేసుకున్నాయి, కరెంటు చౌకగా వస్తుంది, పాత బొగ్గు ప్లాంట్లు మూతపడతాయి అని. ఇవన్నీ గ్యాస్ కాలిన తర్వాత వచ్చేవే కదా! లాభం రాసేప్పుడు పైపు ఆ చివరిదాకా వెళ్లి చూస్తారు, పొగ దగ్గరికి వచ్చేసరికి మాకు అవతల కనపడదు అంటారు. చూస్తే రెండూ చూడండి, లేకపోతే రెండూ మానేయండి. నా వాదన మొత్తం ఇంతే అసలు.

కేవీరావు

లీగల్‌గా ఇప్పుడున్న పరిస్థితి చెప్తాను, భావాలు పక్కన పెడదాం. 2025 మే 29న సుప్రీంకోర్టు సెవెన్ కౌంటీ కేసు తేల్చేసింది. యూటాలో ఆయిల్ మోయడానికి 88 మైళ్ల రైల్వే లైన్, రివ్యూనే 3,600 పేజీలు రాశారు, అయినా కింది కోర్టు ఆయిల్ తీసే దగ్గర, రిఫైనరీల దగ్గర ప్రభావం సరిగ్గా చూడలేదని కొట్టేసింది. సుప్రీంకోర్టు 8-0తో దాన్ని తిప్పికొట్టింది. వేరే చోట, వేరే టైంలో జరిగే వేరే ప్రాజెక్టుల ప్రభావం ఏజెన్సీ లెక్క వెయ్యక్కర్లేదు, గీత ఎక్కడ గియ్యాలో ఏజెన్సీకే వదిలేయాలి, కోర్టులు ఊరికే వేలు పెట్టొద్దు అని జస్టిస్ కావనా రాశారు. దానికి ముందే 2023 చట్టంలో రివ్యూ రెండేళ్లలో అవ్వాలి, మామూలుగా 150 పేజీలు దాటకూడదు అని పెట్టేశారు. కాబట్టి సేబల్ ట్రైల్ తీర్పు మీద ఇల్లు కట్టుకోవడం ఇక కష్టం.

పినాకిని_77

రావు గారూ ఆ 8-0లో ముగ్గురు జడ్జిలు వేరే కారణం చెప్పి సంతకం పెట్టారు, అది కూడా చెప్పాలి మరి. ఆ రైల్వే లైన్‌కి పర్మిషన్ ఇచ్చే బోర్డుకి, బండిలో ఏ సరుకు వెళ్తుందో చూసి లైన్ వద్దనే అధికారం లేదు, అందుకే ఆయిల్ ప్రభావం చూడక్కర్లేదు అన్నది వాళ్ల పాయింట్. గ్యాస్ పైప్‌లో పోయేది ఒక్క గ్యాసే. పర్యావరణానికి నష్టం ఎక్కువ అనిపిస్తే ఫెర్క్ వద్దనొచ్చు అని 2017 తీర్పులో స్పష్టంగా ఉంది. ఆ తేడా ఇప్పటికీ బతికే ఉందని నా నమ్మకం. మెజారిటీ అలా చూడదని మీరంటే ఒప్పుకుంటా, నేను మాట్లాడేది ఏది న్యాయం అన్నదాని గురించి.

సుజాత_ఎస్

యూకే నుంచి ఒక మాట. ఇక్కడ 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఫించ్ కేసులో 3-2తో ఇంకోవైపు తీర్పు ఇచ్చింది. సర్రేలో హార్స్ హిల్ అని ఆయిల్ బావులు, కౌంటీ కౌన్సిల్ పర్మిషన్ ఇచ్చేప్పుడు బావి దగ్గర పొగ మాత్రమే చూసింది. తీసిన ఆయిల్ ఎలాగూ కాలుతుంది, అందులో అనుమానం లేనప్పుడు ఆ పొగ కూడా రివ్యూలో ఉండాల్సిందే అన్నారు. అది బావి, ఇది పైపు, తేడా ఉంది నిజమే, కానీ చట్టం అలా కూడా ఆలోచించగలదు అని చెప్పడానికి రాశా.

రాజు_హ్యూస్టన్

సరే అండి, న్యాయం సంగతే మాట్లాడదాం. లెక్క వెయ్యమంటున్నారు కదా, ఏ లెక్క? బొగ్గు బదులు గ్యాస్ కాలిస్తే అదే కరెంటుకి కార్బన్ దాదాపు సగమే. అంటే మైనస్ చెయ్యాలా వద్దా? వేరే పైపులో రావాల్సిన గ్యాస్ ఇటు వస్తే అది కొత్త పొగా పాత పొగా? ఒక్కో కన్సల్టెంట్ ఒక్కో మోడల్ పట్టుకొస్తాడు, దాని మీద కేసు, దాని మీద అప్పీలు, ఈలోపు ప్రాజెక్టు వడ్డీలు కట్టలేక పోతుంది. మౌంటెన్ వ్యాలీ పైప్‌లైన్ చూశారుగా, 303 మైళ్లు, చివరికి 2023లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేసి మరీ పూర్తి చేయించాల్సి వచ్చింది, 2024 జూన్‌లో గానీ గ్యాస్ పారలేదు.

పినాకిని_77

లెక్క అంత బ్రహ్మవిద్యేం కాదండి, ఇక్కడే వేద్దాం. వెయ్యి ఘనపు అడుగుల గ్యాస్ కాలిస్తే సుమారు 55 కేజీల కార్బన్ డయాక్సైడ్. సేబల్ ట్రైల్ పూర్తి కెపాసిటీ రోజుకి వంద కోట్ల ఘనపు అడుగుల పైన. వంద కోట్లు అనుకుందాం, అంటే 10 లక్షల వెయ్యిలు. 10 లక్షలు ఇంటూ 55, ఐదున్నర కోట్ల కేజీలు, రోజుకి 55 వేల టన్నులు. 365 రోజులకి రెండు కోట్ల టన్నులు. ఒక మామూలు కారు ఏడాదికి నాలుగున్నర టన్నుల పైన వదులుతుంది అంటారు, అంటే 40 లక్షల పైచిలుకు కార్ల పొగ. ఇది గరిష్ఠం, ఒప్పుకుంటా. దాని కింద రెండో లైన్‌లో బొగ్గు మూసేస్తే ఇంత తగ్గుతుంది అని రాయండి, మూడో లైన్‌లో దారిలో లీకయ్యే మీథేన్ రాయండి, ఎందుకంటే మీథేన్ 20 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్ల పైనే వేడి పెంచుతుంది, లీకులు ఎక్కువైతే ఆ "సగం" అన్న మాటే నిలవదు. మూడు లైన్లు. ఊళ్లోవాళ్లు చదివి వాళ్లే నిర్ణయించుకుంటారు.

గోదారిగట్టు

అన్నా, మాది కోనసీమ. మీ డిబేట్ మొత్తం చదివా, రెండు మాటలు చెప్తా. అంచనాలు ఎంత తప్పుతాయో మాకు బాగా తెలుసు. 2009లో కేజీ డీ6 (కృష్ణా-గోదావరి బేసిన్) గ్యాస్ మొదలైంది, గాడిమొగ నుంచి గుజరాత్ దాకా పైప్ వేశారు, ఆ గ్యాస్ వస్తుందనే నమ్మకంతో మన దగ్గర పవర్ ప్లాంట్లు లేచాయి. 2010 దాటాక ఉత్పత్తి పడిపోయింది, ప్లాంట్లు గ్యాస్ లేక ఏళ్లకేళ్లు ఖాళీగా నిలబడ్డాయి. కరెంట్ కోసం బొగ్గు వాడకం తప్పలేదు. ఆ రోజు ఎవరైనా "అవతల ఇంత కాలుతుంది, ఇంత బొగ్గు తగ్గుతుంది" అని రివ్యూలో రాసుంటే అదంతా చిత్తు కాగితమే అయ్యేది. రాజు గారి పాయింట్‌లో పస ఉంది.

రెండోది, మన దగ్గర ఈ చర్చే రాదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో పైప్‌లైన్ నేషనల్ పార్కులు, శాంక్చురీలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల మీదుగా వెళ్తేనే పర్యావరణ అనుమతి కావాలి, పొలాల మీదుగా, ఊళ్ల మధ్యగా వెళ్తే అక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లారుజామున మా దగ్గర నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్ పేలి ఇళ్లల్లో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. మాకు ముందు పైపు పగలకుండా చూడండి, ఆ చివర పొగ తర్వాత.

పినాకిని_77

తమ్ముడూ, నగరం సంగతి చదువుతుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. సేఫ్టీ ముందు అన్నదాంట్లో నాకు మారుమాట లేదు. కానీ ఒకటి ఆలోచించు, గ్యాస్ ఇంత వస్తుంది అని అంచనా వేసి దాని మీద వేల కోట్ల అప్పులు ఇచ్చారు కదా, అప్పుడు అంచనా నమ్మకమైంది. అదే అంచనా మీద పొగ లెక్క వేస్తే మాత్రం ఊహాగానం అయిపోతుంది. ఫ్లోరిడాలో ఊహ కూడా పెద్దగా లేదు, రెండు కరెంటు కంపెనీలే దాదాపు గ్యాస్ మొత్తం కొనడానికి ముందే ఒప్పుకున్నాయి.

కేవీరావు

పినాకిని గారూ, మీరు అడిగిన లెక్క 2018లో వేశారు, ఏమైంది మరి? ఫెర్క్ సప్లిమెంటరీ రివ్యూలో అంకెలు వేసింది, వేసి ఇది తీవ్రమైనదో కాదో తేల్చే కొలత మా దగ్గర లేదు అని చెప్పి అదే పర్మిషన్ మళ్లీ ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఏడాదికి లక్ష టన్నులు దాటితే తీవ్రం కింద తీసుకుంటాం అని పాలసీ తెచ్చారు, మార్చి కల్లా దాన్ని డ్రాఫ్ట్‌గా వెనక్కి తీసుకున్నారు. కొలత లేని లెక్క వల్ల లాయర్లకి ఫీజులు తప్ప ఏముంది?

పినాకిని_77

కొలత లేదంటే కొలత పెట్టమనాలి, లెక్కే వద్దంటే ఎలా రావు గారూ. లక్ష టన్నులు తక్కువ అనిపిస్తే పెంచండి, దాని మీద హియరింగ్ పెట్టండి, నేనూ వచ్చి మాట్లాడతా.

రాజు_హ్యూస్టన్

నేను కొంచెం దిగుతా. మీ మూడు లైన్ల టేబుల్ రివ్యూలో పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు, నిజానికి మా వాళ్లకి ఆ అంకెలు ఎలాగూ తెలుసు. కానీ ఆ టేబుల్ పట్టుకుని కోర్టుకెళ్లి, వేసిన పైప్ ఆపించే హక్కు మాత్రం ఉండకూడదు. అది ఉన్నంతకాలం ఏ బ్యాంకూ డబ్బులివ్వదు.

పినాకిని_77

సంతోషం రాజు గారూ, టేబుల్ దాకా వచ్చారు. కోర్టు దగ్గర మాత్రం నేను దిగను. 2017 వేసవికే సేబల్ ట్రైల్‌లో గ్యాస్ పోతోంది, అప్పటిదాకా ఫెర్క్ ఆ లెక్క కుదరదు అనే అంది. ఆగస్టులో తీర్పు వచ్చింది, ఫిబ్రవరికల్లా లెక్క బయటికొచ్చింది, మార్చిలో మళ్లీ పర్మిషన్ వచ్చింది, ఈలోపు గ్యాస్ ఒక్కరోజు కూడా ఆపించలేదు. కోర్టు అడగకపోతే ఆ అంకె వేసేవాళ్లా? మీరు లోపల ఉన్నవాళ్లు కాబట్టి మీరే చెప్పండి.

రాజు_హ్యూస్టన్

వేసేవాళ్లు కాదు, అది నిజం. బ్యాంకుల సంగతి మీద మాత్రం నా మాట నాదే. షిఫ్ట్ అయ్యాక రాత్రికి వివరంగా రాస్తా.