ఎల్‌కేజీలో రాత లేదంట, ఆటలేనంట. చేర్చాలా వద్దా?

కోనసీమ కోడలు: మా పాపకి మూడున్నరేళ్లు. అమలాపురంలో చూసొచ్చిన స్కూల్లో యూకేజీ అయ్యేదాకా రాతపని ఉండదు, అన్నీ ఆటలతోనే అన్నారు. మా అత్తగారేమో "ఆడుకోడానికి మన పెరడు చాలదా, దానికి ఫీజు కూడానా" అంటున్నారు. ఒకటో తరగతికి వేరే స్కూలుకి మారిస్తే వెనకబడుతుందా? బస్సు దూరం కూడా టెన్షనే.

భీమవరం నాన్న: మావాడికి నర్సరీలోనే కాపీలు ఇచ్చారండి. పెన్సిల్ పిడికిట్లో పట్టుకుని పేజీ చిరిగేదాకా నొక్కేవాడు. ఇప్పుడు పుస్తకం తీస్తే చాలు, మంచం కిందకి దూరతాడు.

పాలకొల్లు టీచరమ్మ: వేళ్లకి పట్టు రాకుండా పెన్సిల్ ఇస్తే అంతే మరి. ముందు పిండి పిసకాలి, పూసలు గుచ్చాలి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అని పెట్టి ఆటలతో నేర్పమంది, మేం అంగన్‌వాడీలో ముందునుంచీ చేస్తున్నదే, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు గానీ. లెక్కలకి అష్టాచెమ్మా చాలు. నాలుగు పిక్కలూ తెల్లగా పడితే అష్ట...

రాజోలు కుర్రాడు: ఆయ్, తెల్లగా పడితే చెమ్మ అండి, నాలుగు. నల్లగా పడితేనే అష్ట, ఎనిమిది.

పాలకొల్లు టీచరమ్మ: మా ఇంట్లో ఇలాగే ఆడతాం. నాకు నేర్పకు బాబూ.

రాజోలు కుర్రాడు: మూడు తెల్లవైతే మూడు, నాలుగు తెల్లవైతే ఎనిమిదా? పిల్లకి లెక్క నేర్పుతున్నారా, మరిపిస్తున్నారా?

తణుకు పిన్ని: అష్టాచెమ్మా సరే, ఆ వయసుకి చింతపిక్కలేంటండి? మా తమ్ముడి కొడుకు ముక్కులో దూర్చుకుంటే రాత్రికి రాత్రి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం.

పాలకొల్లు టీచరమ్మ: పక్కన కూర్చుని ఆడించమన్నాను, పిక్కలిచ్చి సీరియల్ చూడమనలేదు.

తణుకు పిన్ని: సీరియల్ మాట ఎవరెత్తారు? నేను పొలం నుంచి వచ్చేసరికే ఆరవుతుంది.

కాకినాడ మాంటిస్సోరి: ట్రైనింగ్ అయినదాన్ని కాబట్టి చెబుతున్నా. ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి గారు 1907లో రోమ్‌లో మొదలెట్టిన బడిలో పిల్లలు నీళ్లు ఒంపడం, ఊడ్చడం లాంటి పనులతో కూడా నేర్చుకున్నారు. ఆ స్కూలుకెళ్లి ఓ అరగంట కూర్చోండి. పిల్ల ఆడుతుంటే టీచరు ఏం చేస్తోందో చూడండి. గమనిస్తూ, మాట కలుపుతూ ఉంటే చేర్చండి. ఫోన్ చూసుకుంటుంటే మీ అత్తగారి మాటే కరెక్టు.

కోనసీమ కోడలు: థాంక్సండి, రేపు వెళ్తాం. బస్సు సంగతి ఎవరూ చెప్పలేదు.

భీమవరం నాన్న: బస్సైనా నయం. మా వైపు ఆటోలో డ్రైవరు పక్కన కూడా ఇద్దర్ని కూర్చోబెడుతున్నారు. అడిగితే "అయితే మీరే దింపుకోండి" అంటాడు.