మాంగనీసు గుట్ట మీద మొలిచిన గలిజేరు తినవచ్చునా?

ప్రశ్న: సీతమ్మధార కోడలు

మేము విశాఖపట్నంలో సీతమ్మధారలో ఉంటాము. మా అత్తగారిది గరివిడికీ చీపురుపల్లికీ మధ్యనున్న ఒక పల్లె. ఊరిని ఆనుకుని ఎప్పుడో వదిలేసిన మాంగనీసు గని గొయ్యి ఒకటి, దాని ఒడ్డున తవ్వి పోసిన నల్లమట్టి గుట్ట ఒకటి ఉన్నాయి. తొలకరి పడిన రెండు మూడు వారాలకు ఆ గుట్ట వాలు మీద గలిజేరు, చిలక తోటకూర, పాయలకూర ఎంత ఏపుగా వస్తాయంటే, ఊళ్లో పెరటి మళ్లలో కూడా అంత లేతగా దొరకవు. మా అత్తగారు ఒడినిండా కోసుకువచ్చి, సగం పప్పులో వేసుకుని, మిగిలినది తడిగుడ్డలో చుట్టి ఎవరో ఒకరి చేత మాకు పంపుతారు. గలిజేరు వేళ్లు కూడా తవ్వి ఎండబెట్టి, కాళ్ల వాపులకని కషాయం కాచుకుని తాగుతారు.

మొన్న వచ్చిన గలిజేరును నేనే కడిగాను. మొదటి నీళ్లు బొగ్గులు కడిగినట్టు నల్లగా దిగాయి, రెండోసారికి బూడిదరంగుకు వచ్చాయి, మూడోసారికి తేటపడ్డాయి. అయితే బేసిను అడుగున వేలితో రాస్తే మెత్తటి నల్లని నుసి అంటింది, ఆ మరక సబ్బు పెట్టి రుద్దినా సాయంత్రం వరకు వదలలేదు. ఆ రోజు కూర వండడానికి నాకు మనసొప్పలేదు. ఫోనులో అడిగితే అత్తగారు, "అందులో విషమే ఉంటే ముందు ఆ మొక్కే చచ్చేది కాదుటే?" అన్నారు. మా వారు కూడా అదే మాట అంటున్నారు. ఈ వాదన ఎంతవరకు నిజం? కడిగితే, ఉడికిస్తే ఆ లోహాలు పోతాయా? పరీక్ష చేయించాలంటే ఏమని అడగాలి? ఇంట్లో నాలుగేళ్ల పాప కూడా ఉన్నది కనుక అడుగుతున్నాను.

జవాబు: నల్లరాయి

అమ్మా, నేను గనుల్లో పనిచేసి రిటైరై ప్రస్తుతం గోపాలపట్నంలో ఉంటున్న భూగర్భశాస్త్రం మనిషిని. మొక్క సంగతి తెలిసినవారు చెబుతారు, నేను గుట్ట సంగతి చెబుతాను.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనదే మీ అత్తగారి వైపు. 1892లో కోడూరు దగ్గర మొదలుపెట్టినప్పుడు ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ ఊరి పేరు మీదనే కోడురైట్ అనే రాతికి పేరు వచ్చింది. 1933లో మన విశాఖ రేవు తెరవడానికి ఒక ముఖ్య కారణం కూడా మధ్య పరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్, విదర్భల వైపు) మాంగనీసును ఓడలకు ఎక్కించడమే. నాణ్యమైన రాయి ఓడెక్కింది, గిట్టుబాటు కానిది గుట్టలై ఊళ్ల పక్కన మిగిలిపోయింది. మీ వేలికి అంటిన మరక మాంగనీసు ఆక్సైడుది. పైరోలుసైట్ అనే ఖనిజాన్ని మేము పొలంలో గుర్తుపట్టే పద్ధతే అది, ముట్టుకుంటే మసిలా వేళ్లకు అంటుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సీసం, జింకు, రాగి గనుల గుట్టలు వేరు, మాంగనీసు గుట్టలు వేరు. వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో తవ్విన సీసం, రాగి వంటివి గంధకంతో కలిసిన సల్ఫైడు ఖనిజాలు. అటువంటి రాతి పొడి గాలికి, వానకు తగిలినప్పుడు, ముఖ్యంగా అందులో పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే, గంధకికామ్లం పుట్టి లోహాలను కరిగించి నీటిలోకి వదులుతుంది. మీ గుట్టలో ఉన్నది ఎక్కువగా ఆక్సైడు, పొడిగా ఉన్నంతకాలం అది నీటిలో అంత తేలికగా కరగదు. కాబట్టి సీసపు గనుల గురించి చదివినదంతా మీ గుట్టకు అంటగట్టి భయపడనక్కరలేదు.

అలాగని నిశ్చింతగా ఉండమని కూడా అనను. మాంగనీసు ఆక్సైడుకు కోబాల్టు, నికెలు, సీసం, బేరియం వంటి ఇతర లోహాలను తన మీదకు లాక్కుని పట్టి ఉంచుకునే గుణం బాగా ఉన్నది. గుట్ట పాదంలో వాననీరు నిలిచి, మట్టిలోకి గాలి ఆడనిచోట సూక్ష్మజీవులు ఆ ఆక్సైడును కరిగే రూపంలోకి మారుస్తాయి, అప్పుడు మాంగనీసుతోపాటు దానిని అంటిపెట్టుకున్నవి కూడా నీటిలోకి వస్తాయి. అందువల్ల ఒకే గుట్ట మీద కొనకొమ్మున మొలిచిన మొక్క, కింద చిత్తడిలో మొలిచిన మొక్క ఒకటి కావు. నన్నడిగితే కూరకన్నా ముందు గుట్టకు దిగువనున్న తాగునీటి బావిని పరీక్ష చేయించమంటాను. మన దేశపు తాగునీటి ప్రమాణంలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును, వేరే నీటి దారి లేనప్పుడు 0.3 వరకు సర్దుకుంటారు.

జవాబు: మొక్కల టీచరు

మీ అత్తగారి వాదన తరగతిలో నా విద్యార్థులు కూడా ఏటా చేస్తారు. అది తప్పు, అయితే తెలివితక్కువ తప్పేమీ కాదు. లోహం ఎక్కువైతే మామూలు మొక్క పసుపుపచ్చగా మారి గిడసబారి చనిపోతుంది, అది నిజమే. కానీ గనుల గుట్టల మీద తరాల తరబడి మొలుస్తున్న మొక్కలు ఏదో ఒక ఉపాయంతో తట్టుకుని నిలిచినవే. 1981లో ఎ.జె.ఎం. బేకర్ అనే శాస్త్రవేత్త ఈ ఉపాయాలను మూడు రకాలుగా విడదీశారు. కొన్ని మొక్కలు లోహాన్ని వేరులోనే ఆపి ఆకుకు ఎక్కనివ్వవు. కొన్నింటి ఆకులో మట్టిని బట్టి లోహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మూడో రకం మొక్కలు మట్టిలో ఉన్నదానికన్నా ఎక్కువగా ఆకులలో కూడబెట్టుకుని కూడా పచ్చగా కళకళలాడుతుంటాయి. ఆ మూడో రకంలో మరీ ఘనమైనవి ఉన్నాయి. న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే కారే పాలు నికెలు వల్ల నీలి ఆకుపచ్చగా ఉంటాయి. ఆఫ్రికా రాగి గనుల సీమలో మన తులసి జాతికే చెందిన ఒక మొక్కను చూసి అక్కడ రాగి ఉన్నదని పసిగట్టేవారు. మొక్క పచ్చగా ఉన్నదంటే ఆ మట్టిలో అది బతకగలిగిందని మాత్రమే అర్థం. దానిని తిన్న మనిషి సంగతి ఆ పచ్చదనం చెప్పదు.

గలిజేరు గురించి నాకు అసలు కలవరం ఆకు కాదు, వేరు. తట్టుకునే మొక్కలలో చాలావాటికి లోహాన్ని వేరులో బంధించడమే ప్రధాన ఉపాయం. వట్టివేరును గనుల గుట్టలకు అడ్డంగా నాటేది కూడా అందుకే, మట్టి జారకుండా పట్టుకుంటుంది, లోహాన్ని చాలామటుకు వేళ్లలోనే ఉంచుకుంటుంది. మరి గలిజేరులో పునర్నవ పేరుతో మందుకు వాడేది సరిగ్గా ఆ వేరునే కదా. దానిని ఎండబెట్టి, నుసి అంటిన బెరడుతో సహా మరిగించి తాగుతున్నారన్నమాట. మూలికల ముడిసరుకులో కిలోకు సీసం 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఉన్నది. ఊళ్లో గుట్ట మీద తవ్వుకున్న వేరును ఆ హద్దుతో పోల్చి చూసేవారెవరు? పప్పులో ఆకుకూర విషయంలో వాదనకు చోటున్నది కానీ, ఆ కషాయం మాత్రం ఈ రోజే మానిపించండి. ఆవిడ కాళ్ల వాపులను డాక్టరుకు కూడా చూపించండి, అవి గుండెకో మూత్రపిండాలకో సంబంధించినవి కావచ్చును.

తోటకూర విషయంలో ఇంకొక మాట. ఆకుకూరలలో తోటకూర జాతి కాడ్మియాన్ని తేలికగా ఆకుకు ఎక్కించుకునే రకం. గలిజేరు, తోటకూర రెండూ ఒకే గుట్టవి కదా అని ఒక దాని ఫలితం రెండో దానికి వర్తింపజేయకండి.

జవాబు: ల్యాబు మనిషి

కడగడం గురించి, పరీక్ష గురించి నేను చెబుతాను, ఇది నా రోజువారీ పని.

గలిజేరు నేల మీద పాకే మొక్క. వాన చినుకు నేలకు తగిలి చిందినప్పుడు బురద ఆకు అడుగుకే అంటుతుంది, పైగా దాని కాయలు జిగురుగా ఉండి ధూళిని అతికించుకుంటాయి. మీ బేసినులో దిగిన నలుపంతా ఈ పైపూతే. అది కడిగితే చాలావరకు పోతుంది, కాయలున్న కొసలు తుంచి పారేసి, తొట్టెలో నానబెట్టకుండా పారే నీటిలో కడిగితే ఇంకా నయం. ఆకు లోపలికి చేరిన లోహం మాత్రం ఎంత కడిగినా రాదు. ఉడికించడం వల్ల లోహం నశించదు, అది సూక్ష్మజీవి కాదు కదా చచ్చిపోవడానికి. ఉడికిన నీళ్లు వంపేస్తే కొంత తగ్గవచ్చును గానీ మనం పప్పులో వేసుకుంటాము, ఏ నీళ్లూ వంపము.

ఇక పరీక్ష. ల్యాబు వాళ్లు ఆకును ఎండబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి కొలుస్తారు, ఆ అంకె చాలాసార్లు ఎండు బరువు మీద వస్తుంది. ఆకుకూరలకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం) పెట్టిన హద్దులు, అంటే కిలోకు సీసం 0.3 మిల్లీగ్రాము, కాడ్మియం 0.2 మిల్లీగ్రాము, పచ్చి ఆకు బరువు మీద లెక్క. ఆకులో పది పాళ్లలో తొమ్మిది పాళ్లు నీరే అనుకుంటే, రిపోర్టులో సీసం 3 అని ఉన్నా పచ్చి ఆకు లెక్కన అది 0.3 మాత్రమే, సరిగ్గా హద్దు దగ్గర నిలుస్తుంది. ఈ తేడా తెలియక కొందరు పదింతలు భయపడతారు. దీనికి తలకిందులుగా, పచ్చి బరువు మీది అంకెను ఎండు మూలిక హద్దుతో పోల్చి నిశ్చింతగా కూర్చునేవారూ ఉన్నారు. కాబట్టి ల్యాబులో మొదట అడగవలసిన ప్రశ్న "ఏ బరువు మీద?" అన్నది. ఒకే ఆకును కడిగిన నమూనా, కడగని నమూనా అని రెండుగా ఇవ్వండి, రెండింటి తేడాయే ధూళి పాలు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, నికెలు, మాంగనీసు అడిగితే చాలు.

మాంగనీసు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. అది శరీరానికి కొద్దిగా కావలసినదే, తేయాకులో కూడా దండిగా ఉంటుంది. ఎండు ఆకులో కిలోకు 500 మిల్లీగ్రాములు ఉన్నదనుకున్నా, నూరు గ్రాముల పచ్చి ఆకులో వచ్చేది 5 మిల్లీగ్రాములు, పెద్దవారికి అమెరికాలో పెట్టిన రోజువారీ గరిష్ఠ పరిమితి 11. తిన్నదానిలో ఎక్కువైనదాన్ని కాలేయం పిత్తంతో బయటకు పంపుతుంది. ఊపిరితో లోపలికి వెళ్లిన ధూళికి ఆ దారి లేదు, అది మెదడుకు చేరి పార్కిన్సన్స్ వంటి వణుకు, బిగుతు తెస్తుందని ఖనిజం పొడిచేసే కార్మికులలో 1837లోనే గుర్తించారు. ఎండాకాలంలో ఆ గుట్ట మీద పిల్లలు ఆడుకోవడం నాకు కూరకన్నా పెద్ద ప్రమాదంగా కనిపిస్తుంది.

సీసం విషయంలో మాత్రం ఇంత వరకు పరవాలేదని చెప్పగలిగే గీత లేదు. అంతకుముందున్న వారపు పరిమితిని కూడా 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఉపసంహరించుకుంది. పెద్దవారు తిన్న సీసంలో పదో వంతు ఒంటికి పడితే పిల్లలకు దాదాపు సగం పడుతుంది, ఇనుము తక్కువైన పిల్లలకు ఇంకా ఎక్కువ. పరీక్ష ఫలితం వచ్చేవరకు పాపకు ఆ కూర పెట్టకండి.

సీతమ్మధార కోడలు

అందరికీ నమస్కారాలు. ఆదివారం ఊరికి వెళ్లి వచ్చాము. కషాయం మానడానికి అత్తగారు ఒప్పుకున్నారు, లోహాల పేర్లు చెప్పి కాదు, వేరును చాకుతో గీకి ఆ నల్లని నుసిని తెల్లపళ్లెంలో చూపించాక. డాక్టరు రక్తపోటు మాత్ర మార్చి, వాపు చాలావరకు దానివల్లేనన్నారు. ఆకుకూర మానమంటే మాత్రం మొహం ముడుచుకున్నారు. పెరట్లో మడి చేసి గలిజేరు విత్తనాలు చల్లుదామనుకున్నాము, ఊరి చెరువు నుంచి ఒండ్రు తెచ్చి వేయమంటున్నారు. వేయవచ్చునా? ఆ గుట్ట మీద మేకలు కూడా మేస్తాయి, వాటి మాంసం సంగతి ఏమిటి?

జవాబు: నల్లరాయి

చెరువు గుట్టకు ఎగువన ఉన్నదా, దిగువన ఉన్నదా చూడండి. దిగువ చెరువైతే నూరేళ్లుగా ఆ గుట్ట కడిగిన మట్టే అందులో పేరుకుని ఉంటుంది, గుట్టను మీరే పెరట్లోకి మోసుకొచ్చినట్టవుతుంది. ఎగువ చెరువు ఒండ్రో, గుట్టకు దూరంగా ఉన్న పొలం మట్టో తెచ్చి, పశువుల ఎరువు కలిపి వేయండి. విత్తనాలు గుట్ట మీదవైనా ఫరవాలేదు, కడిగి చల్లండి.

మేకలు మేతతోపాటు మట్టి కూడా తింటాయి. కాడ్మియం, సీసం వంటివి కండలో కన్నా కాలేయంలో, మూత్రపిండాలలో చేరుతాయి కనుక, అక్కడ మేసిన మేకల కార్జం, గుండెకాయలతో కలిపి అమ్మే మూత్రపిండాలు పాపకు పెట్టకండి.

సీతమ్మధార కోడలు

చెరువు దిగువనే ఉన్నదండీ. మా ఆడపడుచు గారి పొలం గుట్టకు పైవైపున ఉన్నది, అక్కడి మట్టి రెండు బళ్లు తోలిస్తామన్నారు.