ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో 5కి 3 వస్తే అమెరికా కాలేజీ అప్లికేషన్‌లో రాయాలా, వదిలేయాలా?

ఫ్రిస్కో_అమ్మ:
నమస్కారం అండి. మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో సీనియర్, అంటే పన్నెండో క్లాసు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి సబ్జెక్టులకి పెట్టే ఏపీ పరీక్షల్లో ఇప్పటిదాకా 5కి వచ్చినవి ఇవి: క్యాలిక్యులస్ బీసీ 5, బయాలజీ 5, కంప్యూటర్ సైన్స్ ఏ 4, యూఎస్ హిస్టరీ 3, ఫిజిక్స్ వన్ 2. క్లాసులో అన్నిటికీ ఏ గ్రేడే. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి ఉండే ఆన్‌లైన్ అప్లికేషన్) ఈ స్కోర్లు పిల్లలే నింపుకోవాలి కదా. చివరి రెండూ వదిలేద్దామని నేను, దాచడమేంటని మావారు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. అప్లై చేసేది కంప్యూటర్ సైన్స్‌కి. యూటీ ఆస్టిన్ (టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ), యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) రెండు మూడు, యేల్ అనుకుంటున్నాం.

కృష్ణాతీరం:
4, 5 రాయండి, మిగతావి మర్చిపోండి. చాలా కాలేజీలకి అది మనిష్టం. ఇష్టమున్నది రాయమంటే అన్నీ రాసి కూర్చోవడం దేనికి?

గుంటూరు_నుంచి_న్యూజెర్సీ:
అంత తేలిక కాదన్నా. ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే స్కూలు పంపే గ్రేడ్ల పట్టికలో, ఏపీ ఫిజిక్స్ క్లాసు, ఏ గ్రేడ్ అని కనపడుతూనే ఉంటుంది. పక్కన స్కోరు లేకపోతే చదివేవాడు ఏమనుకుంటాడు? పరీక్ష ఫీజు వంద డాలర్ల దాకా ఉంది, డబ్బుల్లేక రాయలేదేమో అని కొందరి విషయంలో అనుకుంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటి పిల్ల గురించి అలా అనుకోరు.

కృష్ణాతీరం:
అనుకోనీయండి. 2 అని రాసిస్తే ఇక అనుకునే పని కూడా ఉండదు!

బే_ఏరియా_నాన్న:
మా పెద్దవాడికి రెండేళ్ల కింద ఇదంతా చూశాం. మీరిద్దరూ అడ్మిషన్ సంగతే చూస్తున్నారు, క్రెడిట్ (ఆ కోర్సు కాలేజీలో మళ్లీ చదవక్కర్లేకుండా డిగ్రీలో కలుపుకోవడం) సంగతి వేరే. అప్లికేషన్‌లో మనం రాసేది అడ్మిషన్ కోసం. సీటు వచ్చి చేరాక, ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి అఫీషియల్ రిపోర్ట్ పంపిస్తాం, క్రెడిట్ దాన్ని బట్టే. ఆపించుకున్నవో రద్దు చేయించుకున్నవో తప్ప, పిల్లలు రాసిన పరీక్షల స్కోర్లన్నీ అందులో ఉంటాయి. అప్పుడు 2 కనపడినా, రాయడం తప్పనిసరి కానిచోట వదిలేసినందుకు ఎవరూ ఏమీ అనరు. 2ని 4 అని రాస్తేనే సీటు పోతుంది.

ఇక ఆ 3 సంగతి. టెక్సాస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3కే క్రెడిట్ ఇవ్వాలి, అంతకన్నా ఎక్కువ అడగాలంటే ఆధారం చూపాలి. అక్కడ డిగ్రీకి అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్ గంటలు తప్పనిసరి, కంప్యూటర్ సైన్స్ వాళ్లకైనా సరే. యూసీలు కూడా 3 నుంచి క్రెడిట్ ఇస్తాయి. జీపీఏలో (గ్రేడ్ల సగటు) వాళ్లు కలిపే అదనపు పాయింటు మాత్రం క్లాసు గ్రేడుని బట్టే, పరీక్ష స్కోరుతో పని లేదు. కాబట్టి అడ్మిషన్‌కి పనికొచ్చినా రాకపోయినా, చేరాక ఆ 3కి విలువ ఉంది.

గుంటూరు_నుంచి_న్యూజెర్సీ:
3 విలువ అంటే గుర్తొచ్చింది. 2023లో యూఎస్ హిస్టరీలో 3, ఆ పైన తెచ్చుకున్నవాళ్లు సగం కన్నా తక్కువ. 2024లో 70 శాతం దాటారు. పిల్లలు ఒక్క ఏడాదిలో అంత మారిపోలేదు, స్కోరు లెక్కగట్టే పద్ధతి మార్చారు. ఈ సంగతి అడ్మిషన్ ఆఫీసర్లకి తెలియదంటారా? అయినా నేను రాయమనే చెప్తాను. కంప్యూటర్ సైన్స్ పిల్లకి చరిత్రలో 3 వస్తే కొంపేమీ మునగదు. ఫిజిక్స్‌లో 2 అలా కాదు, అది వదిలేయమనే అంటాను.

కృష్ణాతీరం:
చూశారా, మీరూ సగం నా దారికే వచ్చారు. ఎంసెట్ ర్యాంకు ఊరంతా అడిగి తెలుసుకునే రోజుల్లో పెరిగాం కాబట్టి ఒక్క నంబర్ చెప్పకపోయినా మనకి తప్పు చేసినట్టు ఉంటుంది.

బే_ఏరియా_నాన్న:
యేల్ మర్చిపోయారు. 2024లో వాళ్లు తెచ్చిన రూల్ ప్రకారం శాట్, యాక్ట్ (కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షలు), ఏపీ, ఐబీ (ఏపీ లాంటివే మరో రకం) వీటిలో ఏదో ఒకటి చూపించాలి. ఏపీ ఎంచుకుంటే అప్పటిదాకా రాసిన సబ్జెక్టులన్నీ పెట్టాలి, మంచివి ఏరుకోవడం కుదరదు. ఈ ఏడాది ఏముందో వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి. శాట్ మంచిగా ఉంటే అదే పంపండి, గొడవ ఉండదు.

ఫ్రిస్కో_అమ్మ:
శాట్ 1600కి 1520 అండి, అయితే యేల్‌కి అదే. 2 రాయక్కర్లేదని మావారు కూడా దిగొచ్చారు. 3 మీద మాత్రం ఇంకా పట్టు వదల్లేదు, నేనూ వదల్లేదు.

చికాగో_పిన్ని:
ఇంత మాట్లాడుకున్నారు కానీ, ట్రాన్స్‌క్రిప్ట్ ఒకసారి తెప్పించి చూశారా అమ్మా? కొన్ని హైస్కూళ్లు ఏపీ స్కోర్లు కూడా దాని మీదే ప్రింట్ చేసి పంపేస్తాయి. మీ స్కూలూ అలా చేస్తుంటే మీరు కామన్ యాప్‌లో వదిలేసీ లాభం లేదు.

ఫ్రిస్కో_అమ్మ:
అయ్యో, ఆ ఆలోచనే రాలేదు పిన్నిగారూ. సోమవారం స్కూలు కౌన్సెలర్‌కి ఫోన్ చేసి అడుగుతాను.