నాన్న నడుము కింద ఎర్రటి మచ్చ: పడక పుండేనా?

వెన్నెల:
నాన్నకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. షుగర్ కూడా ఉంది. నిన్న ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. నూనె రాసి మర్దన చేయమంటున్నారు చుట్టాలు. మీ ఇళ్లలో ఏం చేశారు?

చిరుగాలి:
మర్దన మాత్రం వద్దండి. మా అమ్మ విషయంలో నేను చేసిన తప్పు అదే. రెండు రోజుల్లో బొబ్బ లేచి పుండు పడింది. మానడానికి నాలుగు నెలలు పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

నర్సు అక్క:
నొక్కినా తెల్లబడని ఎరుపంటే లోపల దెబ్బ మొదలైందని అర్థం. డాక్టరుకు చూపించండి. ఈలోగా ఆ చోట బరువు పడనివ్వకండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక ఒత్తుకుంటుంది, అందుకే వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. జరిపేటప్పుడు ఈడ్చకూడదు, ఇద్దరు కలిసి దుప్పటితో ఎత్తాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు మడమ మీద పుండు పడితే ఓ పట్టాన మానదు. డైపర్ తడిగా ఉంచొద్దు. ఇంకో మాట: నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు. చేత్తో తాకి చూడండి, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే అనుమానించాలి.

రెండో కొడుకు:
ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని మేం పక్క మార్చడం మానేశాం. పుండు పడ్డాకే తెలిసింది, పరుపు ఉన్నా తిప్పాల్సిందేనని. ఇప్పుడు గోడకు కాగితం అంటించి టైము, ఏ వైపు పడుకోబెట్టామో రాస్తున్నాం. మొదట్లో రాత్రంతా నేనొక్కడినే లేచేవాణ్ణి. పదో రోజున కళ్లు తిరిగి పడిపోయాను. అన్నయ్య అప్పుడు వంతు తీసుకున్నాడు.

వెన్నెల:
రాత్రి కూడా రెండు గంటలకోసారేనా అక్కా? ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ టెన్షన్‌తోనే నిద్ర పట్టడం లేదు.

నర్సు అక్క:
ఎప్పటికీ అలాగే కాదమ్మా. మనిషిని బట్టి, పరుపును బట్టి వ్యవధి మారుతుంది. మచ్చ తగ్గాక, మంచి పరుపు ఉంటే, డాక్టరునో నర్సునో అడిగి మూడు నాలుగు గంటలకు పెంచుకోవచ్చు. కానీ ఒక్కదానివే లాగాలని చూడకు. ఎవరినైనా పిలువు.

వెన్నెల:
పిక్కల కింద దిండు ఇప్పుడే పెట్టాను. రేపు పొద్దున డాక్టరుకు చూపిస్తాం. తమ్ముడికి ఫోన్ చేశాను. శని, ఆదివారం రాత్రులు వాడే చూసుకుంటానన్నాడు.