అప్‌డేట్: మహోగనీ టాప్ గిటారే తీసుకున్నాను

నా పాత గిటార్ సౌండు చెవిలో గుచ్చుకుంటోంది, మెత్తగా, నిండుగా మోగే మంచి అకూస్టిక్ ఏది కొనాలని అడిగాను కదా. చాలామంది మహోగనీ టాప్, అంటే ముందు పలక మహోగనీ చెక్కతో చేసిన గిటార్ చూడమన్నారు. అదే తీసుకున్నాను. అందరికీ చాలా థాంక్స్.

మా అనంతపురంలో పక్కపక్కన పెట్టి పోల్చుకునేన్ని మోడల్స్ దొరకలేదు, అందుకే బెంగళూరు వెళ్లి వాయించి చూశాను. ముందు యమహా ఎఫ్‌జీ 820. దాని వెనక, పక్కలు మహోగనీయే కానీ టాప్ సాలిడ్ స్ప్రూస్, అంటే పొరలు అతికించినది కాకుండా అచ్చంగా స్ప్రూస్ చెక్క. స్ట్రమ్ చేస్తే గది నిండిపోయింది. అయినా పై స్వరాల్లో ఆ పదును అలాగే ఉంది. తర్వాత టాప్ కూడా సాలిడ్ మహోగనీ ఉన్న చిన్న బాడీ గిటార్ వేళ్లతో మీటాను. సౌండు కాస్త తక్కువే, కానీ ప్రతి స్వరం గుండ్రంగా వచ్చింది. నేను పాడుతూ వాయిస్తాను, నా గొంతుకు ఇదే కుదిరింది. సీడర్ చెక్క టాప్ ఉన్నది కూడా మెత్తగానే పలికింది గానీ ఆ చెక్కకు గీతలు త్వరగా పడతాయి.

స్ట్రింగ్స్ ఫాస్ఫర్ బ్రాంజ్ వేయించాను. 80/20 బ్రాంజ్ అనే ఇంకో రకం స్ట్రింగ్స్ కొత్తలో మరీ గలగలమంటాయి.

ఇప్పుడున్న టెన్షన్ అంతా మా ఎండల గురించే. సాలిడ్ చెక్కకు గాలిలో తేమ సుమారు 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడ అంత ఎక్కడిది? చెక్క ఎండితే టాప్ పగలొచ్చు, ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీల) అంచులు బయటికి పొడుచుకొస్తాయి. అందుకే కేసులో తేమనిచ్చే హ్యుమిడిఫైయర్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టాను. సీమలో సాలిడ్ వుడ్ కొనేవాళ్లు ఈ రెండూ గిటార్‌తో పాటే తీసుకోండి.