నెఫ్రోటిక్ సిండ్రోమ్: నాలుగేళ్ల బాబుకి స్టిరాయిడ్లు ఇవ్వాలా, వద్దా?

ఖమ్మం నాన్న:
మా బాబుకి పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపు కనిపించేది. అలర్జీ అనుకుని మందు వేశాం. తర్వాత పొట్ట, కాళ్లు కూడా ఉబ్బాయి. కిడ్నీల నుంచి మూత్రంలో ప్రొటీన్ పోతోందని, అదే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ 6 వారాలు రోజూ, ఆ తర్వాత 6 వారాలు రోజు విడిచి రోజు వాడమన్నారు. స్టిరాయిడ్ అనేసరికి మా అమ్మానాన్నలు ససేమిరా అంటున్నారు. ఒకటే టెన్షన్.

తెనాలి బాబాయ్:
పెద్దవాళ్ల భయం ఊరికే రాలేదు. మా బంధువుల పాపకి మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎంత పెట్టినా ఆకలే. ఇంతా చేస్తే కోర్సు అయ్యాక వాపు మళ్లీ వచ్చింది. పసరు మందుతో తగ్గినవాళ్లూ ఉన్నారు.

వైజాగ్ అమ్మ:
బాబాయ్ గారూ, మా అమ్మాయికీ ఇదే జబ్బు. మొహం ఉబ్బడం, ఆకలి నిజమే. బీపీ, ఎత్తు, కళ్లు కూడా చూపిస్తూ ఉండాలి. కానీ అసలు ఆగాల్సింది ప్రొటీన్ పోవడం. అది ఆగకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్ రావచ్చు, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. ఈ వయసు పిల్లల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి స్టిరాయిడ్ పనిచేస్తుంది. తిరగబెట్టడం ఈ జబ్బు తీరు, సగం మందికి పైగా మళ్లీ వస్తుంది. పసరుతో తగ్గిందన్న పిల్లలకి మూత్ర పరీక్ష చేయించారా?

మేం రోజూ పొద్దున మొదటి మూత్రంలో ప్రొటీన్ చూపించే స్ట్రిప్ ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చి నోట్‌బుక్‌లో రాస్తాం. వరసగా మూడు రోజులు 3 ప్లస్, అంటే ప్రొటీన్ బాగా ఎక్కువగా వస్తే డాక్టరుకి ఫోన్ చేస్తాం. చాలాసార్లు వాపు కనపడక ముందే పట్టుకోగలిగాం.

తెనాలి బాబాయ్:
సరేనమ్మా, మరి ఏడాదికి నాలుగైదు సార్లు తిరగబెడితే? ప్రతిసారీ ఇదేనా?

వైజాగ్ అమ్మ:
ఇది అడగాల్సిన ప్రశ్నే. అలాంటి పిల్లలకి లెవామిసోల్, మైకోఫెనోలేట్ వంటి వేరే మందులు ఇచ్చి స్టిరాయిడ్ తగ్గిస్తారు. ఏది సరిపోతుందో పిల్లల కిడ్నీ డాక్టరే తేల్చాలి.

ఖమ్మం నాన్న గారూ, మొదలుపెట్టాక మాత్రం ఎవరో చెప్పారని మధ్యలో టక్కున ఆపకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది, ప్రాణం మీదికి రావచ్చు. స్టిరాయిడ్ వల్ల ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి టీబీ పరీక్ష గురించి ముందే అడగండి. టీకాల కార్డు చూపించండి, ఈ మందు ఎక్కువ డోసులో నడుస్తుండగా లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) వేయరు. ఇంట్లో గానీ స్కూల్లో గానీ ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, బాబుకి ఏమీ లేకపోయినా అదే రోజు డాక్టరుకి చెప్పండి.