వియన్నగాగ్ని: నగమా, నాగమా?

చంపకం: రెండు రోజులుగా ఈ పద్యం వదలడం లేదు. చదరంగం గళ్ళలో గింజల పద్యం, గణితకవి పావులూరి మల్లనదంటారు కదా. ఒక గింజతో మొదలుపెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్ళలో మొత్తం ఎన్నో చెబుతుంది.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు నిజంబగు తచ్చతురంగ గేహ వి

నాలుగో పాదం నోటికి రావడం లేదు. ఎవరికైనా వచ్చా? అన్నట్టు, మా తాతగారు ‘వియన్నాగాగ్ని’ అనేవారు.

యతిభంగం: తాతగారికి నమస్కారం, కానీ గణం చెడింది. ‘వియన్న’ జగణం (లఘువు, గురువు, లఘువు). అక్కడ దీర్ఘానికి చోటు లేదు.

లెక్కల మాస్టారు: గణాల దాకా ఎందుకు? ఇవి భూతసంఖ్యలు, ఒక్కో మాటా ఒక్కో అంకె. నగం, అంటే కొండ, ఏడు; నాగం ఎనిమిది. కుడినుంచి వేసుకుంటూ వస్తే 18446744073709551615. రెండేసి గళ్ళ గింజలు (1+2, 4+8) మూడుతో పోతాయి కనుక మొత్తమూ పోవాలి. అంకెల మొత్తం 87, మూడుతో నిశ్శేషంగా పోతుంది. నాగాన్ని దింపితే 88, పోదు.

ఏటిగట్టు: బాగుంది. మరి అబ్ధి నాలుగెలా అయింది? మనవి సప్తసముద్రాలు కదా!

లెక్కల మాస్టారు: భూతసంఖ్యల్లో సముద్రం మామూలుగా నాలుగే. అనుమానముంటే మూడుతో భాగించండి.

ఏటిగట్టు: భాగించాను. అబ్ధినీ పయోనిధినీ ఏడు చేస్తే మొత్తం 93. అదీ మూడుతో పోతోంది మాస్టారూ!

లెక్కల మాస్టారు: నిజమే. తేడా మూడేసి కనుక ఆ జల్లెడలో దొరకదు. 17 పట్టండి. 255 అంటే పదిహేను పదిహేడులు, కనుక 256ను 17తో భాగిస్తే శేషం ఒకటి. ఎనిమిది 256లను, అంటే అరవై నాలుగు రెండ్లను, గుణించినా శేషం ఒకటే. అందులోంచి ఒకటి తీస్తేనే మన గింజలు, కాబట్టి శేషం ఉండకూడదు. మీ ఏడు సముద్రాలతో 8 మిగులుతుంది. గణితవేత్త ఆయిలర్ 1732లో పట్టుకున్న 641తోనూ ఈ సంఖ్య నిశ్శేషంగా పోతుంది, అది వేరే కథ.

చంపకం: భూధర రెండు పాదాలకు చీలింది కదా. భూ ఒకటి, ధర ఒకటి అనుకోకూడదా?

యతిభంగం: పాదం విరిగిందని కొండను విరగ్గొడతారా! అంకెలు ఇరవై ఒకటవుతాయి.

పోతన దాసుడు: మీరెన్ని చెప్పినా, పెరగడమంటే ‘ఇంతింతై వటుడింతయై’. అక్కడ శబ్దమే పెరుగుతుంది. ఇక్కడ ఏనుగులూ కొండలూ వరసగా నిలబడ్డాయి, అంతే.

లెక్కల మాస్టారు: వటుడు రెట్టింపవుతూ పెరిగాడని ఎవరన్నారు?

పోతన దాసుడు: మూడడుగుల్లో మూడు లోకాలు. మీకు అరవై నాలుగు గళ్ళు కావలసివచ్చింది.

ఏటిగట్టు: అయినా అడిగింది పుచ్చుకోవడానికి వామనుడికి చోటుంది. ఈ గింజలు ఎక్కడ పోయాలి?

చంపకం: అయ్యా, నాలుగో పాదం...

యతిభంగం: మూడో పాదం చివరి ‘వి’ గురువు కావాలి కనుక నాలుగోది ‘స్త’ అనే జంటక్షరంతో మొదలవుతుంది. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, రేఫ (ర). ‘స్తర’ వరకు నాది పూచీ. మిగతా పందొమ్మిది అక్షరాలూ వెతకండి.

పోతన దాసుడు: వామనుడి రెండో అడుగు గురించి ఒక మాట చెప్పాలి.